ఐసుపెట్టె కొనేముందు, సర్దేముందు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

దేవమాలి, మహేంద్రగిరి కొండల వైపు టెంట్లు వేసుకుని గడపడానికి వెళ్లే కుటుంబాలు ఈమధ్య మన దక్షిణ ఒడిశా జిల్లాల్లో బాగా పెరిగాయి. వాళ్ల నుంచి ఐసుపెట్టెల గురించి ఉత్తరాలు వస్తుంటే, సంపాదకులు వాటిని నాకు పంపారు. నేను రాయగడ జిల్లాలో ఏఎన్‌ఎంగా పని చేసి రిటైరయ్యాను. టీకాల డబ్బా భుజాన తగిలించుకుని కాశీపూర్ వైపు కొండ ఊళ్లకు నడిచిన ఉద్యోగం నాది. దారిలో చల్లదనం పోయిందంటే ఆ మందు పిల్లలకు వేసినా వేయనట్టే. అందుకే ఐసు, డబ్బా, మూత, ఈ మూడింటి మీద నాకు పట్టింపు ఎక్కువ.

అన్ని జవాబులకూ పనికొచ్చే మాట ఒకటి ముందే చెప్తాను. ఐసుపెట్టె చల్లదనాన్ని పుట్టించదు. బయటి వేడి లోపలికి వచ్చే వేగాన్ని తగ్గిస్తుంది, అంతే. లోపల ఏం పెట్టారు, ఎలా పెట్టారు, ఎన్నిసార్లు మూత తీశారు అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది.

మేం నలుగురు స్నేహితులం ఏప్రిల్‌లో దేవమాలి వెళ్లి రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాం. చేపల బజారులో దొరికే థర్మోకోల్ డబ్బా సరిపోతుందా? వేలు పోసి పెద్ద బ్రాండు పెట్టె కొనాలా? – రాయగడ నుంచి ఒక యువకుడు

రెండు రాత్రులకు వేలు పోయనక్కర్లేదు బాబూ. థర్మోకోల్ చవక గానీ చేతకానిది కాదు. ఆంధ్రా నుంచి మన బజార్లకు చేపలు వచ్చేది ఆ డబ్బాల్లోనే కదా. దాని గుణమంతా అందులో చిక్కుకున్న గాలిలో ఉంది. మంచి ప్లాస్టిక్ పెట్టెల్లో రెండు గోడల మధ్య పఫ్ అనే పాలీయురేథేన్ నురుగు నింపుతారు. మందం సమానంగా ఉంటే థర్మోకోల్ కంటే అది వేడిని బాగా ఆపుతుంది. ఖరీదైన పెట్టెల్లో ఆ నురుగు మరింత మందంగా ఉండి, మూతకు రబ్బరు అంచు ఉంటుంది. మీరు డబ్బు పెట్టేది ఆ మందానికీ, ఆ అంచుకీ. అయితే చేపలు వచ్చిన పాత డబ్బా మాత్రం తీసుకోకండి. వాసన ఒక్కటే కాదు, అందులోని మురికి ఎంత కడిగినా పూర్తిగా పోదు. కొత్తది కొని, అంచులకు వెడల్పు టేపు చుట్టి, పైన పాత బొంత కప్పండి.

ఇకమీదట ఏటా రెండు మూడుసార్లు వెళ్తామనుకుంటే మాత్రం పఫ్ నింపిన పెట్టే కొనుక్కోండి. కొట్లో చూడాల్సింది మొదట మూత. చాలా చవక పెట్టెల్లో గోడలు బాగానే ఉంటాయి, మూత మాత్రం లోపల డొల్ల. వేలితో తట్టి చూడండి. గోడ ఒకలా, మూత ఇంకొకలా మోగితే ఆ మూతలో నురుగు లేదన్నమాట. తర్వాత ఒక కాగితం ముక్క అంచు మీద పెట్టి మూత బిగించి లాగండి. సులువుగా జారి వచ్చేస్తే గాలి కూడా అలాగే జారుతుంది. నాలుగు పక్కలా ఇలా చూడండి, ఎందుకంటే ఒక మూలే వంకరగా ఉండవచ్చు. అడుగున నీళ్లు వదిలే బిరడా ఉందా, దాని రబ్బరు గట్టిగా ఉందా చూసుకోండి. రంగు తెలుపో, లేతదో అయితే మేలు. ముదురు నీలం, నలుపు రంగులు ఎండను పీల్చేస్తాయి.

‘ఐసు ఐదు రోజులు ఉంటుంది’ అని డబ్బా మీద రాసి ఉంటే నమ్మి మోసపోకండి. అలాంటి లెక్కలు మామూలుగా పెట్టె నిండా ఐసు పోసి, మూత తియ్యకుండా కట్టేవి. మీరు మజ్జిగ కోసం గంటకోసారి మూత తీస్తారు. అందులో సగానికి సగం తగ్గించి అనుకోండి.

సైజు సంగతి. నలుగురికి రెండు రోజులకు పాతిక, ముప్పై లీటర్ల పెట్టె చాలు. యాభై లీటర్లది కొంటే, నీళ్లూ ఐసూ నింపాక దగ్గర దగ్గర యాభై కిలోలు తూగుతుంది. కారు ఆగిన చోటు నుంచి టెంటు దాకా దాన్ని ఎవరు మోస్తారో ముందే అనుకోండి. పెద్ద పెట్టె ఒకటి కొనే బదులు చిన్నవి రెండు కొనమని నా సలహా. ఒకటి తాగేవాటికి, రెండోది తినేవాటికి. తాగేవాటి పెట్టె ఎలాగూ పదే పదే తెరుస్తారు, దాని ఐసు తొందరగా పోతుంది. తినేవాటి పెట్టెకి ఆ దెబ్బ తగలకూడదు.

ఏప్రిల్‌లో మరో సంగతి ఉంది. దేవమాలి 1,672 మీటర్ల ఎత్తు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. అక్కడ రాత్రి చల్లగానే ఉంటుంది. మీ ఐసును తినేసేది రాయగడ నుంచి లక్ష్మీపురం మీదుగా సాగే పగటి ప్రయాణం. పెట్టెను డిక్కీలో పడేస్తే అక్కడి వేడికి సగం ఐసు దారిలోనే పోతుంది. సీటు దగ్గర ఏసీ గాలి తగిలే చోట పెట్టి, పైన బొంత కప్పండి. తెల్లవారకముందే బయల్దేరితే ఇంకా మంచిది. తిరిగొచ్చేటప్పుడు థర్మోకోల్ ముక్క ఒక్కటి కూడా కొండ మీద వదలొద్దు. అది మట్టిలో కలిసేది కాదు, గాలికి కొట్టుకుపోయి అక్కడి పశువుల నోట పడుతుంది. దయచేసి ఈ మాట మీ స్నేహితులకూ చెప్పండి.

పొద్దున పెట్టె నిండా ఐసు వేస్తాను. సాయంత్రానికి నీళ్లే మిగులుతున్నాయి. పెట్టె బాగోలేదా? నీళ్లు ఎప్పటికప్పుడు వంపెయ్యాలా? – బరంపురం నుంచి ఒక గృహిణి

మీ పెట్టె మంచిదేనేమోనమ్మా. మీరు అందులో పెడుతున్న సీసాలు వెచ్చగా ఉన్నాయేమో చూడండి.

చిన్న లెక్క చెప్తాను, ఓపిగ్గా చూడండి. ఒక కిలో ఐసు సున్నా డిగ్రీల దగ్గర కరగడానికి 80 కిలోకేలరీల వేడి పీల్చుకుంటుంది. ఒక లీటరు నీరు ఒక డిగ్రీ చల్లబడాలంటే ఒక కిలోకేలరీ బయటికి పోవాలి. లీటరు సీసాలు పన్నెండు, బయట ఎండలో 35 డిగ్రీల దగ్గర ఉన్నవి తెచ్చి పెట్టెలో పెట్టారనుకుందాం. అవి 5 డిగ్రీలకు రావాలంటే 360 కిలోకేలరీలు పోవాలి. అంటే నాలుగు కిలోలకు పైగా ఐసు ఆ సీసాలను చల్లబరచడానికే కరిగిపోతుంది. బయటి ఎండతో పోరాడటానికి మిగిలేది ఆ తర్వాత ఉన్నదే. అదే సీసాలు ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి 8 డిగ్రీల దగ్గర బయటికి తీస్తే అర కిలో ఐసు కూడా ఖర్చు కాదు. పెట్టె మారలేదు, ఐసు మారలేదు, ముందురోజు రాత్రి చేసిన పని మారింది.

పెట్టెకు కూడా ఇదే వర్తిస్తుంది. అటక మీద నుంచి దించిన పెట్టె గోడలు వేడిగా ఉంటాయి. రాత్రి పడుకునే ముందు కొంచెం ఐసో, గడ్డకట్టిన నీళ్ల సీసాలో లోపల వేసి మూత పెట్టి ఉంచండి. పొద్దున ఆ నీళ్లు వంపేసి అసలు ఐసు వేసుకోండి.

ఐసులో కూడా తేడా ఉంది. కొట్టిన ఐసు వస్తువుల్ని తొందరగా చల్లబరుస్తుంది, తొందరగా కరుగుతుంది, ఎందుకంటే గాలికి తగిలే అంచులు ఎక్కువ. దిమ్మ ఐసు నెమ్మదిగా కరుగుతుంది. నేనైతే అడుగున దిమ్మ ముక్కలు పెడతాను, సీసాల మధ్య సందుల్లో కొట్టిన ఐసు పోస్తాను, పైన ఇంకొక పొర వేస్తాను. చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి పైపొర తప్పనిసరి. ఐసు ఫ్యాక్టరీ మీకు దూరమైతే రెండు లీటర్ల సీసాల్లో మంచినీళ్లు పోసి ఫ్రీజర్లో గడ్డకట్టించండి. గడ్డకట్టేటప్పుడు నీరు తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, అందుకని మెడ దాకా పోయకండి. వీటిలో రెండు లాభాలున్నాయి. కరిగిన నీళ్లు పెట్టెలో చిమ్మవు, మర్నాడు తాగడానికి పనికొస్తాయి.

ఫ్యాక్టరీ ఐసు కొంటే ఇది గుర్తుంచుకోండి: చేపలకు వేసే ఐసు తాగే నీటితో చేసిందని అనుకోవద్దు. మహారాష్ట్రలో 2018లో తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని నియమం పెట్టింది ఇందుకే. అలాంటి ఐసు మూసిన సీసాల చుట్టూ వేసుకోవచ్చు. గ్లాసులో వేసుకోకూడదు, విప్పిన పళ్లకూ కూరగాయలకూ తగలకూడదు.

నీళ్లు వంపే సంగతి. కరిగిన నీరు కూడా సున్నాకి దగ్గరగానే ఉంటుంది. అది వంపేస్తే ఆ చోటును వేడి గాలి నింపుతుంది. సీసాల పెట్టెలో దాన్ని అలాగే ఉంచండి, సీసా ఒళ్లంతా చల్లగా తడుపుతుంది. తినేవాటి పెట్టెలో మాత్రం పొట్లాలు నానకుండా బిరడా తీసి నీళ్లు వదిలేయండి. కొత్త ఐసు వేసేటప్పుడు రెండు పెట్టెల్లోనూ పాత నీళ్లు వంపుకోవచ్చు.

మా నాన్నగారికి షుగరు. పూట పూటా ఇన్సులిన్ వేసుకోవాలి. శివరాత్రికి ఆయన్ను గుప్తేశ్వరం తీసుకెళ్లి ఒక రాత్రి అక్కడే టెంటులో ఉండాలని ఉంది. ఇన్సులిన్‌ను ఐసు మీద పెడితే చాలా? – గుణుపురం నుంచి ఒక పాఠకురాలు

ఐసు మీద పెట్టొద్దమ్మా. ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, ఎందుకంటే చాలామంది ఇంట్లో ఇదే చేస్తారు.

ఇన్సులిన్‌కు వేడి ఎంత చెడ్డదో గడ్డకట్టడం అంతకంటే చెడ్డది. తెరవని సీసాలూ పెన్నులూ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకట్టిందంటే మళ్లీ కరిగినా దాని పని పోతుంది, పారేయాల్సిందే. పైకి చూస్తే మామూలుగానే కనిపించవచ్చు, అదీ ప్రమాదం.

మేం టీకాలు మోసేటప్పుడు ఈ గొడవే ఉండేది. పోలియో చుక్కలకు గడ్డకట్టినా ఏమీ కాదు, వేడి తగిలితేనే చెడిపోతాయి. డీపీటీ, హెపటైటిస్ బి అలా కాదు, గడ్డకడితే పోతాయి. డీప్‌ఫ్రీజర్లోంచి తీసిన ఐస్‌ప్యాకు సున్నాకి ఇరవై డిగ్రీల దాకా కింద ఉంటుంది. అలాంటిది నేరుగా డబ్బాలో పెడితే పక్కనున్న సీసాను గడ్డకట్టించేస్తుంది. అందుకని నాలుగు ప్యాకుల్నీ బయటపెట్టి, పైన తెల్లగా పట్టిన మంచు పోయేదాకా చూసేవాళ్లం. చెవి దగ్గర ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. ఆ చప్పుడు వచ్చిందంటే ప్యాకు సున్నా డిగ్రీలకు చేరిందన్నమాట, ఇక అది ఏ మందునూ గడ్డకట్టించదు. అప్పుడే డబ్బాలో నాలుగు గోడలకూ ఆనించి, మధ్యలో మందులు పెట్టేవాళ్లం. కొత్తగా చేరిన పిల్లలు తొందరపడితే, ‘చప్పుడు విన్నావా?’ అని అడగడం నా అలవాటు.

మీరూ అలాగే చేయండి. చిన్న ఐస్‌ప్యాకులు రెండు తీసుకుని, ఊపితే చప్పుడు వచ్చేదాకా బయట ఉంచండి. ఒక్కోదాన్ని పలచని తువ్వాలులో చుట్టండి. ఇన్సులిన్‌ను మూతున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి, ఆ తువ్వాలు చుట్టిన ప్యాకుల మధ్య పెట్టండి. ఐసు మందుకు తగలకూడదు, కరిగిన నీళ్లు పెన్ను మీద పడకూడదు. దీన్ని మీ తిండి పెట్టెలో కలపకండి. చిన్న డబ్బా విడిగా ఉండాలి, అది ఒక్కరే తెరవాలి. తీగ ఉన్న డిజిటల్ థర్మామీటరు దొరికితే తీగను డబ్బాలో ఉంచి మూత తియ్యకుండానే అంకె చూసుకోవచ్చు. పెద్ద ఖరీదు ఉండదు, ఇలాంటి అవసరానికి తప్పకుండా కొనండి.

ఇంకొక ఊరట మాట. వాడుతున్న పెన్నుకు, అంటే ఇప్పటికే తెరిచినదానికి, ఐసు అక్కర్లేదు. చాలా రకాలు తెరిచాక నాలుగు వారాల దాకా 25 లేదా 30 డిగ్రీల లోపు బయటే ఉంచుకోవచ్చు. రకాన్ని బట్టి ఇది మారుతుంది, పెట్టెలోని కాగితం మీద రాసి ఉంటుంది, మీ డాక్టరుగారిని కూడా ఒకసారి అడగండి. శివరాత్రి నాటికి ఎండలు ఇంకా ముదరవు, కాబట్టి ఒక రాత్రికి ఆ పెన్ను సంచిలో నీడన ఉంటే చాలు. ఐసు డబ్బాలో ఉండాల్సింది అదనంగా పట్టుకెళ్లే కొత్తది. అదనంగా ఒకటి తప్పక పట్టుకెళ్లండి, అడవి దారిలో మందుల కొట్టు వెతుక్కునే టెన్షన్ ఉండదు. రెండింటినీ ఆపి ఉన్న కారులో మాత్రం ఎప్పుడూ వదిలిపెట్టొద్దు. అద్దాలు బిగించిన కారు ఎండలో కాసేపు ఉంటే చాలు, లోపలి వేడి ఏ ఇన్సులిన్ తట్టుకోలేనంత అవుతుంది.

వేసే ముందు మందును చూడండి. నీళ్లలా తేటగా ఉండాల్సిన రకం మబ్బుగా కనిపించినా, పాలలా ఉండే రకం కలిపాక కూడా గడ్డలు గడ్డలుగా ఉన్నా, సీసా గోడకు మంచులా అంటుకున్నా వెయ్యకండి. షుగరు ఒక్కసారిగా పడిపోతే ఇవ్వడానికి నాన్నగారి చేతి సంచిలో గ్లూకోజు పొడి లేదా పంచదార పొట్లం కూడా ఉంచండి.

ఎండాకాలంలో ఐసు దొరకని చోట కొత్త మట్టికుండ పనికొస్తుంది. కుండలో కొంచెం నీళ్లు పోసి, మందును మూతున్న డబ్బాలో ఆ నీళ్లకు తగలకుండా పైన నిలిపి, తడిగుడ్డ కప్పి నీడలో ఉంచితే బయటికంటే బాగా చల్లగా ఉంటుంది. పొడిగాలి ఉన్నప్పుడే ఇది పని చేస్తుంది. వానాకాలం తేమలో దీన్ని నమ్ముకోవద్దు.

పర్లాకిమిడి నుంచి గంధహాతి జలపాతం దగ్గరికి వెళ్లి కోడికూర అక్కడే వండుకుంటాం. మసాలా పట్టించిన మాంసం ఎంతసేపు ఉంటుంది? – పర్లాకిమిడి నుంచి

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల దాకా సూక్ష్మక్రిములు హాయిగా పెరిగే వేడి. ఆ మధ్యలో పచ్చి మాంసం మొత్తం మీద రెండు గంటలకు మించి ఉండకూడదు, ఎండ మండుతుంటే ఒక గంటే. పసుపూ ఉప్పూ పట్టించాం కదా అని ఈ గడువు పెరగదు. ముందురోజే మసాలా పట్టించి, గట్టి సంచుల్లో రెండు పొరలు వేసి, ఫ్రీజర్లో రాయిలా గడ్డకట్టించండి. అప్పుడు ఆ మాంసమే పెట్టెలో ఐసులా పని చేస్తుంది. దాన్ని అడుగునే పెట్టండి, రసం కారినా పెరుగు మీదో పళ్ల మీదో పడకూడదు. రొయ్యలకు ఇంకా జాగ్రత్త కావాలి, మాంసం కంటే తొందరగా చెడతాయి. వంట దగ్గర చేతులు కడుక్కోవడానికి సబ్బూ, విడిగా నీళ్లూ పెట్టుకోండి.

అసలు ఐసు అవసరం లేనివి పట్టుకెళ్తే ఎంత సుఖమో కూడా ఆలోచించండి. పులిహోర, పచ్చళ్లు, చోడిపిండి, ఉల్లిపాయలు, దుంపలు, వేయించిన పల్లీలు, ఇవేవీ పెట్టెలో చోటు అడగవు. మా ఇంట్లో పొద్దుటికి చోడి అంబలే కాస్తాం. పెరుగు ఒక్కటే పెట్టెలోకి వెళ్తుంది. పెట్టె మూత మీద కాగితం అతికించి ఏది ఎక్కడుందో రాస్తే, మూత తెరిచి వెతికే సమయం తగ్గుతుంది.

డ్రై ఐస్ వాడితే మేలా? – జయపురం నుంచి ఒక విద్యార్థి

వద్దు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, సున్నాకి 78 డిగ్రీలు కింద ఉంటుంది. ఒట్టి చేత్తో పట్టుకుంటే చర్మం కాలినట్టు దెబ్బ తింటుంది. అది కరగదు, ఆవిరై గాలిలో కలుస్తుంది. మూసిన కారులోనో, టెంటులోనో ఆ ఆవిరి నిండితే ఊపిరాడక ప్రాణానికే ముప్పు. గాలి పోవడానికి దారి లేకుండా బిగించిన పెట్టె పేలవచ్చు కూడా. రెండు రోజుల విహారానికి ఇంత ప్రమాదం ఎందుకు?

ఐసులో ఉప్పు కలపడం గురించి కూడా అడిగారు. ఉప్పు కలిపితే ఐసు సున్నా కంటే బాగా కిందికి చల్లబడుతుంది, కానీ తొందరగా కరిగిపోతుంది. కుల్ఫీ గడ్డకట్టించడానికి అది సరే, రెండు రోజులు నిలవాలంటే పనికిరాదు.

కారులో లైటరు సాకెట్‌కు తగిలించే చిన్న ఫ్రిజ్‌లు వస్తున్నాయి కదా, ఐసు గొడవ లేకుండా అవి కొనొచ్చా? – కొరాపుట్ నుంచి

వాటిలో రెండు రకాలున్నాయి. తక్కువ ధరవి చాలావరకు పెల్టియర్ పలకతో, అంటే కరెంటు పారితే ఒక పక్క చల్లబడే పలకతో, పని చేస్తాయి. అవి బయటి వేడి కంటే పదిహేను, ఇరవై డిగ్రీలు మాత్రమే తగ్గించగలవు. కొరాపుట్‌లో చలికాలం సరిపోవచ్చు. గుణుపురంలో మే నెలలో బయట 42 ఉంటే లోపల 22 దాకా ఉంటుంది. పెరుగుకీ, మాంసానికీ, ఇన్సులిన్‌కీ అది చాలదు. కంప్రెసరు ఉన్నవి నిజమైన ఫ్రిజ్‌లు, కానీ ధర ఎక్కువ. ఇంజను ఆపాక రాత్రంతా నడిపితే కారు బ్యాటరీ దిగిపోతుంది. కొండ మీద పొద్దున్నే బండి స్టార్టు కాకపోతే ఎంత ఇబ్బందో మీకు తెలుసు. బ్యాటరీ దిగితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు ఉన్నది అడిగి కొనండి. లేదంటే రెండు ఐసుపెట్టెలే మేలు.

పోయిన యాత్ర నుంచి పెట్టెలో చేపల వాసన పోవడం లేదు. – చత్రపురం నుంచి

గోరువెచ్చని నీళ్లలో సబ్బు కలిపి కడిగి, తర్వాత వంటసోడా ముద్దలా చేసి లోపలంతా రాసి రాత్రంతా వదిలేయండి. బిరడా రంధ్రం, రబ్బరు అంచు కింది గాడి మరిచిపోకుండా పాత టూత్‌బ్రష్‌తో తోమండి, వాసన ఎక్కువగా దాక్కునేది అక్కడే. మరుగుతున్న నీళ్లు పోయకండి, నురుగు గోడ నుంచి ఊడుతుంది. కడిగాక నీడలో బాగా ఆరబెట్టి, మూత కొద్దిగా తెరిచే అటక ఎక్కించండి.